గాంధారం మెట్టు కింద మైనం

మైనం మీద వేలిముద్రలు ఇన్నేళ్ళు నిలుస్తాయని నాకు తెలియదు. తెలిసి ఉంటే మా తాతయ్య వీణని బొబ్బిలి తీసుకెళ్ళేదాన్ని కాదు. ఏదో ఒక సాకు చెప్పి దాన్ని అటక మీదే ఉంచేసి, సంగీత సభ వాళ్ళని ఉత్త చేతులతో పంపేసేదాన్ని. ఎదుటివాళ్ళ నోరు మూయించడంలో నాకు విజయనగరంలో మంచి పేరే ఉంది. ముప్పై ఏళ్ళుగా కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను. ప్రిన్సిపాల్ గారు నాతో మాట్లాడవలసి వస్తే ముందు ఒక గ్లాసుడు మంచినీళ్ళు తాగుతారట. అలాంటిదాన్ని, బొబ్బిలిలో ఒక వీణల చావడిలో, రంపం పొట్టు మీద చతికిలబడి మాట రాకుండా కూర్చున్నాను.

ఆ సభ కార్యదర్శి మా ఇంటికి రావడంతో ఇదంతా మొదలైంది. తాతయ్య పేరిట ఉత్సవం చేస్తారట. వేదిక మీద ఆయన వీణ ఉంచాలట, సంచికకి నేనొక పేజీ రాసివ్వాలట. కాఫీ తాగుతూ ఆయన అన్నాడు: "మీ తాతగారి చేతి దెబ్బ తిన్నవాళ్ళంతా విద్వాంసులయిపోయారమ్మా." "తిన్నవాళ్ళంతానా, తిని మిగిలినవాళ్ళంతానా?" అని అడిగాను. నేను హాస్యమాడుతున్నాననుకుని నవ్వాడు. ఈ మాట నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళుమంట. వందమందిని చావబాదితే అందులో నలుగురు పైకొస్తారు. ఆ నలుగురూ శాలువా కప్పించుకుని, ఆ దెబ్బలే మాకు దీవెనలని మైకులో చెబుతారు. తక్కిన తొంభయ్యారు మందికీ మైకు ఎవరిస్తారు? అయినా వీణ ఇస్తానన్నాను. దాన్ని గుడ్డ గలేబులో కట్టేసి నలభై ఏళ్ళు దాటింది. మెట్లు ఊడిపోయే స్థితిలో ఉన్నాయి కదా, బాగుచేయించి ఇద్దామని బయలుదేరాను.

బొబ్బిలిలో ఆ పని చేసే సింహాచలం గారి చావడి నిండా పనసచెక్క వాసన. వీణకి ఒక కొసన కుండ, రెండో కొసన తీగలు బిగించే బిరడాలు, నడుమ దండి మీద ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు. వాటిని మేకులతో బిగించరు, నల్లటి మైనంలో కూర్చోబెడతారు. మైనంలో మసీ గుగ్గిలమూ కలిపి కాచి, అది మెత్తగా ఉండగానే ఒక్కొక్క మెట్టునీ స్వరం సరిగ్గా పలికే చోటుకి జరిపి, చల్లారనిస్తారు. ఆ జరపడంలోనే ఉంది విద్యంతా. వెంట్రుకవాసి అటు ఇటు అయితే స్వరం మారిపోతుంది. ఆయన కాల్చిన ఇనప కడ్డీతో మెట్లు ఊడదీస్తూ, ఒకచోట ఆగి, మైనం ముక్కని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"అమ్మా, ఇటు సూడండి. ఇది గాంధారం మెట్టు కిందది. బిరడాల వేపు సిన్నపిల్ల వేళ్ళు, మూడున్నాయి. కుండ వేపు పెద్దాయన బొటనేలు. ఆ ఏలు మీద అడ్డంగా గాటున్నట్టుంది. పిల్లేమో అటు తోసింది, ఆయనేమో ఇటు తోసేడు. ఏ ఇంట్లోనైనా ఇంతే గదమ్మా." అని నవ్వాడు.

ఆ చిన్నపిల్ల వేళ్ళు నావి. బొటనవేలు తాతయ్యది. చిన్నప్పుడు వాళ్ళ గురువు కొబ్బరిచిప్ప విసిరితే తెగిన గాటు అది. "మా గురువుగారు వేసిన ముద్ర" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి మురిసిపోయేవారు.

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు సంగీతంలో. మా ఇంట్లో ఆ తండ్రి చేతిలో కర్ర ఉండేది. చండ్రచెక్కతో చేసిన మూరెడు తాళం కర్ర. తెల్లవారకుండానే తాతయ్య పీట ముందేసుకుని దానితో తాళం కొడుతుంటే ఆ చప్పుడుకి మేం లేచేవాళ్ళం. పాలవాడి కేక విని "వీడు మధ్యమంలో అరుస్తాడు, నిన్న పంచమంలో అరిచాడు" అని విసుక్కునేవారు. నస్యం డబ్బా మూత తీయడం కూడా ఆయనకి తాళంలోనే పడాలి. వంటింట్లో రుబ్బురోలు, బావి దగ్గర గిలక, పెరట్లో చీపురు, అన్నీ ఆయన లయకి లోబడి నడిచేవి. ఒకసారి మా అమ్మ పోపుగరిట కళాయి అంచుకి ఎడాపెడా తగిలిందని చేతిలో ఉన్న మరచెంబు విసిరారు. అమ్మ ఎడమ కనుబొమ్మ మీద ఆ మచ్చ చివరిదాకా ఉంది. "ఇది మిశ్రచాపు తాళం మచ్చ" అని తనే నవ్వేది. మా ఇంట్లో దెబ్బలన్నీ ఇలా నవ్వులుగా మారిపోయేవి. ఎవరి ఒంటి మీద ఏ రాగం తాలూకు మచ్చ ఉందో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు శిష్యులు. ఒకడికి చెవితమ్మె చిరిగింది. ఇంకొకడు ఎత్తుగడ తప్పినందుకు మధ్యాహ్నమంతా ఎండలో వీణ నెత్తిన పెట్టుకుని నిలబడి, పడిపోయాడు. పడినప్పుడు వీణకి ఏమవుతుందోనని ముందు వీణని పట్టుకున్నారు తాతయ్య. ఇది కూడా ఆయన గొప్పతనం కిందే చెప్పేవాళ్ళు.

మా పెద్దత్త, అంటే నాన్నకి అక్క, మావయ్య పోయాక కూతురితో పుట్టింటికి వచ్చేసింది. ఆ కూతురే రాజ్యం వదిన. నాకంటే ఏడేళ్ళు పెద్ద. ఊరికే తిని కూర్చుంటున్నామన్న మాట రాకూడదని తల్లీకూతుళ్ళిద్దరూ ఇంట్లో పనంతా నెత్తిన వేసుకునేవాళ్ళు. పనసపొట్టు కొట్టినా, ఆవ నూరినా, చోడిపిండి అంబలి కాచినా వాళ్ళ చేతులే. ఆ పనుల మధ్యలో వదిన వీణ నేర్చేసుకుంది. నేర్చుకుందంటే చాలదు. దానికి చెవి ఉండేది. శిష్యులు పది రోజులు కిందా మీదా పడే సంగతిని అత్త వెనక నిలబడి విని, బియ్యం ఏరుతూ కూనిరాగం తీసేది. తాతయ్య దాన్ని కూడా కొట్టేవారు, కానీ కొట్టాక కాసేపు దాని చేతుల వైపే చూసేవారు. ఆ చూపు ఇంకెవరి మీదా పడలేదు. నా మీద అసలే పడలేదు. నాకు తొమ్మిదేళ్ళు, సరళీస్వరాల దగ్గరే తంటాలు పడుతున్నాను. అసూయ ఉండేదా అంటే ఉండేది. కానీ ఆ రోజు జరిగినదానికి అసూయ కారణం కాదు. అంత పెద్ద కారణమేదైనా ఉంటే ఈ కథ చెప్పడానికి నాకే కొంత మర్యాదగా ఉండును.

ఆ చైత్రంలో రామతీర్థం కొండ కింద గుళ్ళో నవమి ఉత్సవాలకి వదిన వీణ వాయించాలని నిర్ణయించారు తాతయ్య. ఆయన ఇంటి ఆడపిల్లని పదిమంది ముందు కూర్చోబెట్టడం అదే మొదలు. కచేరీ నచ్చితే విజయనగరంలోనే సంగీతం నేర్పే ఉద్యోగం ఇప్పించే పెద్దమనిషి ఒకాయన వినడానికి వస్తున్నాడని అత్తకి ఎవరో చెప్పారు. అత్త ఆ వారమంతా దేవుడి గదిలోనే ఉంది. ఉద్యోగమంటే తల్లీకూతుళ్ళకి వేరే ఇల్లు, వేరే పొయ్యి. చెంబు విసిరేవాళ్ళు లేని ఇల్లు.

పండక్కి రెండు రోజులుందనగా మధ్యాహ్నం. భోజనాలయ్యాక వీణ తుడిచి నడవలో చాప మీద పెట్టడం నా పని. నడవలో ఒక్క చోటే నేల చల్లగా ఉండేది. నాకు అక్కడ కూర్చుని చింతపిక్కలు ఆడుకోవాలనిపించింది. వీణని ఎత్తుకెళ్ళి వీధి అరుగు మీద పెట్టాను. పెట్టినప్పుడు నీడే. ఆట ముగించి లేచేసరికి పడమటెండ అరుగంతా పరుచుకుని ఉంది. వీణ ఎత్తితే దండి సెగలు కక్కుతోంది. మైనం మెత్తబడింది, ఒక మెట్టు పక్కకి వాలింది. గబగబా లోపలికి తెచ్చి, మూడు వేళ్ళతో ఆ మెట్టుని తోసి నిలబెట్టాను. కాస్త ఎక్కువే తోశాను. కంటికి మాత్రం తిన్నగానే కనిపించింది. మెట్టు చెవికి సరిపోవాలి గానీ కంటికి కాదని తాతయ్య రోజూ అనేవారు. అది మిగతా అందరికీ చెప్పిన పాఠం, నాకు కాదనుకున్నాను కాబోలు. చెమ్మగుడ్డతో దండి తుడిచి చల్లార్చి, ఏమీ ఎరగనట్టు గోడకి చేరబడ్డాను.

వదిన వచ్చి కల్యాణి రాగంలో వర్ణం మొదలుపెట్టింది. తాతయ్య ఎదురుగా పీట ముందు, కర్రతో. కల్యాణికి ప్రాణం గాంధారం, అదీ రెండు గాంధారాల్లో పైది, అంతర గాంధారం. సరిగ్గా ఆ మెట్టే కుండ వైపు జరిగింది, కాబట్టి స్వరం ఎక్కువ పలుకుతోంది. వదిన మొదటిసారి ఆ మెట్టు మీద వేలు పెట్టి ఉలిక్కిపడింది. రెండోసారి పెట్టలేదు. కింది మెట్టు మీద వేలు పెట్టి, తీగని పక్కకి లాగి, అసలు గాంధారాన్ని అక్కడి నుంచి పలికించింది. పదహారేళ్ళ పిల్ల, పాడైన వాద్యం మీద, వాయిస్తూ వాయిస్తూనే, తప్పు ఎక్కడుందో కనిపెట్టి దారి మార్చుకుంది. అది విద్య కాకపోతే ఇంకేది విద్య? కానీ ఆ కింది మెట్టు సాధారణ గాంధారానిది. కల్యాణిలో దానికి చోటు లేదు. కల్యాణి వాయిస్తూ దాన్ని ముట్టుకోవడమంటే పెళ్ళిపందిట్లో తద్దినం మంత్రం చదివినట్టు. తాతయ్య కళ్ళు ఆ వేలిని చూశాయి. జన్మంతా చెవితో బతికిన మనిషి ఆ పూట కళ్ళని నమ్మాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. "ఏ మెట్టే అది?" అన్నారు. వదిన మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుని, మళ్ళీ అక్కడికొచ్చి, మళ్ళీ కింది మెట్టునే లాగింది. రెండో దెబ్బ మోచేతి మీద. మూడోది ఎక్కడో నేను చూడలేదు, కళ్ళు మూసుకున్నాను. చప్పుడు వింటే అది కూడా తాళంలోనే పడుతోంది. వంటింట్లో రోలు తిరుగుతూనే ఉంది.

"ఆ మెట్టు పలకట్లేదు తాతయ్యా. ఎక్కువొస్తాది." అంది వదిన.

"మెట్టు తప్పా, నువ్వు తప్పా?"

వదిన తలెత్తింది. జాకెట్టు చెయ్యి చిరిగి ఉంది. "మెట్టే తప్పు."

ఆ మెట్లు తాతయ్య స్వయంగా, వారం కిందటే కూర్చినవి. మెట్టు తప్పంటే ఆయన తప్పనే. రోలు ఆగిపోయింది. అత్త గుమ్మంలోకొచ్చి, పిండి చేతులతోనే, "నాన్నా, ఆడపిల్ల సెయ్యి నాన్నా, ఎల్లుండి కచేరీ" అంది. ఆయన అటు చూడను కూడా లేదు. "చర్మం కందకుండా విద్య అంటదు. పెట్టవే, ఆ మెట్టు మీద పెట్టు వేలు." అన్నారు. వదిన ఎడమచేతి మధ్యవేలు అంతర గాంధారం మెట్టు మీద పెట్టింది. ఆయన కర్రని నిలువుగా ఎత్తి అంచుతో దాని మీద కొట్టారు. పైన చండ్రకర్ర, కింద ఇత్తడి మెట్టు, మధ్యలో వేలు. ఎముక విరిగిన చప్పుడు చిన్నది. ఎండుకొమ్మ కూడా అంతకంటే పెద్దగా విరుగుతుంది. అయితే ఆ దెబ్బకి వేలి కింద తీగ అదిరి మోగింది. గాంధారం పలికింది. ఎక్కువగా, అపస్వరంగా, నాబోటి మొద్దు చెవికి కూడా తెలిసేంత స్పష్టంగా. తాతయ్య మళ్ళీ ఎత్తిన కర్ర గాలిలోనే ఆగింది. ఆయన విన్నారు. నేను ఆయన మొహం చూశాను. ఆ క్షణంలో ఆయన గానీ నేను గానీ నోరు విప్పి ఉంటే వదిన నిజం చెప్పిందని తేలిపోయేది. ఆయన కర్ర పీట మీద పెట్టి, ఉత్తరీయం దులుపుకుని లేచారు. నేను గుప్పిట్లోని చింతపిక్కలు బిగించి పట్టుకున్నాను. వదిన ఏడవలేదు. పళ్ళతో కింది పెదవి కొరికేసింది, గడ్డం మీదుగా నెత్తురు వీణ మీదికి కారింది. అత్త ఆ నెత్తురు ముందు తుడిచింది వీణ మీదే. మా ఇంటి పెంపకం అలాంటిది.

ఎముకలు కట్టే మనిషి మూడో రోజుకి గానీ రాలేదు. అప్పటికి వేలు వంకాయంత అయింది. నవమి కచేరీలో తాతయ్యే కూర్చుని వాయించారు, వేరే వీణ మీద. విన్నవాళ్ళు ఆ రోజు కల్యాణి లాంటిది మళ్ళీ వినలేదని ఇప్పటికీ చెబుతారు. రెండు నెలలు తిరక్కుండా అత్త కూతుర్ని తీసుకుని ఎచ్చెర్ల దగ్గర అత్తవారి ఊరికి వెళ్ళిపోయింది. ఈ వీణని ఆ మధ్యాహ్నమే గలేబులో కట్టి అటక ఎక్కించారు, మళ్ళీ దింపనివ్వలేదు. దాన్ని చూస్తే ఆయనకి బాధ కాబోలని ఇన్నాళ్ళూ కాస్తంత జాలిపడ్డాను. ఇప్పుడీ మైనం ముక్క వేరే సంగతి చెప్పింది. గలేబు కట్టేముందు, తలుపు వేసుకుని, ఆయన మైనం వెచ్చజేసి ఆ మెట్టుని వెనక్కి, సరైన చోటుకి తోశారు. అటకెక్కించే వాద్యంలో కూడా అపస్వరం ఉండనివ్వని మనిషి. విరిగిన వేలికి కట్టు కట్టించడానికి మూడు రోజులు పట్టింది, జరిగిన మెట్టుని సరిచేయడానికి ఒక్క పూట పట్టలేదు. పైగా అటువైపు నా వేళ్ళ గుర్తులు ఆయన కంటబడే ఉంటాయి. ఆ మర్నాటి నుంచి ఆయన నాకు పాఠం చెప్పడం మానేశారు. కర్ర ఎప్పుడూ నా మీద పడలేదు. "దీన్ని చదివించు" అని నాన్నతో ఒక్క మాటన్నారు. నాకు చెవి లేదు గనక వదిలేశారనుకున్నాను. కొడుకు కూతురి తప్పుని కూతురి కూతురి చేత మోయించి, పీడా వదిలించుకున్నారన్నమాట.

ఇప్పటి పిల్లలు దెబ్బలెరగరని, ఫోన్లో శ్రుతి పెట్టుకుని ఫోన్లోనే పాఠాలు నేర్చుకుంటారని, అందుకే సంగీతం పలచబడిందని ఆ కార్యదర్శి నాతో వాదించాడు. పలచబడితే పడనీ. మా ఎదురింటి పిల్ల ఫోన్ చూసుకుంటూ కల్యాణి పాడుతుంది. గాంధారం తప్పితే ఫోన్లో ఎర్రగీత వస్తుంది, అది నవ్వి మళ్ళీ పాడుతుంది. తప్పు చెప్పేవాడికి కోపం లేకపోవడమన్నది ఎంత సుఖమో ఆ పిల్లకి తెలియదు, తెలియకపోవడమే మంచిది. అలాగని నేను సంతోషంగా ఏమీ లేను. మా వదిన తీగ లాగినట్టు లాగేవాళ్ళని ఇన్నేళ్ళలో నేను వినలేదు. ఆ కర్ర లేకపోతే వదిన తయారయ్యేది కాదంటారు. ఆ కర్ర ఉండబట్టే కదా లేకుండా పోయింది అంటాను. వీధిచివర దాకా వినబడేట్టు అంటాను. ఆ మధ్యాహ్నం తప్ప ఎప్పుడూ నోరు మూసుకున్నదాన్ని కాదు కదా.

మైనం ముక్కని కాగితంలో చుట్టుకుని, బొబ్బిలి నుంచి తిన్నగా ఎచ్చెర్ల బస్సెక్కాను. వదిన అక్కడ యూనివర్సిటీ దారిలో టిఫిన్ల దుకాణం నడుపుతుంది. సాయంత్రం ఆరు దాటింది, పిల్లల రద్దీ తగ్గింది. పెనం ముందు నిలబడి ఉంది. పిండిగిన్నె పట్టుకున్న ఎడమచేతికి మధ్యవేలు ఒక్కటీ ముడుచుకోకుండా పుల్లలా నిలబడి ఉంది.

"ఏటే సరోజా, ఇన్నాళ్ళకి తోవ దొరికిందేటి? కూకో. పెసరట్టు ఏస్తాను."

తినడానికి రాలేదన్నాను. కాగితం విప్పి మైనం ముక్క బల్ల మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. క్లాసులో చెప్పినట్టు వరసగా చెబుదామనుకున్నాను, కుదరలేదు. చింతపిక్కల దగ్గర ఒకసారి, అరుగు దగ్గర ఒకసారి ఆగిపోయాను. వదిన స్టవ్వు తగ్గించి, ఆ ముక్కని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వింటూ వింటూ వేళ్ళ మధ్య నలపసాగింది. పెనం పక్కన ఉడుకు. నేను చెప్పడం ముగించేసరికి నా మూడు వేళ్ళూ, తాతయ్య బొటనవేలూ కలిసిపోయి మైనం ఉత్త నల్లటి ఉండయింది. నా దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం అది.

"మరి ఆ పొద్దు నోరెందుకిప్పనేదు?" అంది.

"భయమేసింది వదినా. తొమ్మిదేళ్ళు నాకు."

"నాకు పదారు. నాకూ బయ్యమేసింది. నాను సెప్పేను గదా."

తాతయ్యకి కూడా తెలుసని, ఆ వేలిముద్ర చూడమని మళ్ళీ అందుకోబోయాను. "ముసలాయన సంగతి ముసలాయనది. కాట్లో కాలిపోయేడు. నువ్వున్నావు." అని ఉండని గల్లాపెట్టె మీద పెట్టింది. అట్లకాడ చేతిలోకి తీసుకుంది. "సెయ్యి సాపు."

"ఏమిటి వదినా?"

"ఎడం సెయ్యి. బల్ల మీద పెట్టు."

పెట్టాను. కొట్టదనుకున్నాను. ఎత్తి ఆపుతుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, ఇద్దరం పట్టుకుని ఏడుస్తామనుకున్నాను. చదువుకున్నవాళ్ళకి ఉండే వెర్రి ఇది. ఆమె అట్లకాడ తిరగేసి, ఇనప పిడితో, నా మధ్యవేలి కణుపు మీద బలమంతా పెట్టి కొట్టింది. కళ్ళు బైర్లు కమ్మాయి. గోరు కింద నుంచి నెత్తురు చిమ్మి బల్ల మీద పడింది. ఉప్మా పొట్లానికి వచ్చిన ఆడపిల్ల ఒకత్తి గుమ్మంలో కొయ్యబారిపోయింది. "ఏటమ్మా, ఎన్ని పొట్లాలు?" అని అడిగి, వదిన కట్టిచ్చి పంపింది. తర్వాత ఒక గ్లాసుడు చల్లటి నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. "ఏలు ముంచు. ముంచి, తిను. సల్లారిపోతాది." పెసరట్టు నిజంగానే వేసింది. తిన్నాను. అల్లం ఎక్కువైంది.

ఆ దెబ్బ నాకేమైనా నేర్పిందా అని ఇంటికొచ్చే బస్సులో ఆలోచించాను. ఏమీ నేర్పలేదు. నొప్పి పుట్టింది, అంతే. దెబ్బల వల్ల విద్య రాదన్న నా వాదన నా వేలి మీదే నెగ్గింది. సింహాచలం గారికి ఫోన్ చేసి మెట్లన్నీ కూర్చమన్నాను, ఆ అంతర గాంధారం ఒక్కటీ వదిలేసి. వేదిక మీద వీణ అలాగే ఉంటుంది, పన్నూడిన నోటిలా. ఎందుకని ఎవరైనా అడిగితే చెబుతాను. కార్యదర్శి అడిగిన పేజీ కూడా ఇదే, కాస్త పొడుగైంది. వేసుకుంటాడో లేదో ఆయన ఇష్టం.

మర్నాడు పొద్దున్నే వదిన ఫోన్ చేసింది. బాగున్నావా అని అడగలేదు.

"ఏలు ఒంగుతోందా?"

కట్టు కట్టిన వేలిని మెల్లగా మడిచి చూశాను. ప్రాణం పోతున్నంత నొప్పి. కానీ వంగింది, అరచేతిని తాకింది.

"ఒంగుతోంది వదినా."

అవతల పెనం మీద పిండి చుయ్యిమన్న చప్పుడు.

"ఐతే సరే." అని పెట్టేసింది.